కత్తెర కన్నా ముందు: పట్టుచీర నిత్యధారణలోకి వచ్చే క్రమం

తెలుగు ఇళ్లలో చీరలు వాడుకను బట్టి ఎప్పటినుంచో రెండు తెగలుగా విడిపోయి ఉన్నాయి; రోజూ ఉతికి దండెం మీద ఆరేసుకునే కట్టుడు చీరలు ఒక తెగ కాగా, పెళ్లికో నోముకో బయటికి వచ్చి, పని కాగానే మళ్లీ మడతల్లోకి వెళ్లిపోయే పట్టుచీరలు మరొక తెగ. ఖరీదు, ఉతుకులోని కష్టం, శుభకార్యంలో ప్రత్యేకంగా కనిపించాలన్న కోరిక కలిసి ఈ విభజనను నిలబెట్టాయి గాని, దాని ఫలితంగా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోసి కొన్న వస్త్రమే ఏడాది మొత్తంలో అన్నిటికన్నా తక్కువ గంటలు ఒంటిమీద ఉంటున్నది. ఆ వస్త్రాన్ని కార్యాలయానికి, బజారుకు, స్నేహితుల ఇంటికి, రైలు ప్రయాణానికి తగినట్లు ఎలా మలచుకోవాలన్నది ఈ అధ్యాయంలోని విషయం.

ఫ్యాషన్ పరిభాషలో స్టేట్‌మెంట్ వస్త్రం అనే మాట ఒకటి ఉంది. మొత్తం వేషంలో చూపు మొదట ఆగే చోటు ఏదో, మిగిలిన వాటి స్వభావాన్ని కూడా తానే నిర్ణయించేది ఏదో, ఆ ఒక్క వస్త్రాన్ని ఈ మాట సూచిస్తుంది కనుక ఇక్కడ దానిని ముఖ్యవస్త్రం అని వ్యవహరించడం జరుగుతుంది. గద్వాల చీర, పోచంపల్లి చీర, పెద్దంచు ధర్మవరం పట్టు, శ్రీకాళహస్తి కలంకారీ దుప్పట్టా, ఇవన్నీ సహజంగానే ముఖ్యవస్త్రాలు. అయితే పండుగనాడు ఇవి ఒంటరిగా రావు. మగ్గంపని జాకెట్టు, మెడనిండా నగలు, పూలజడ, మెరిసే చెప్పులు వెంటబెట్టుకుని వస్తాయి. ఆ పరివారాన్ని చూసి చీరే ఆడంబరమైనదని భావించి, దానిని పండుగకే పరిమితం చేయడం చాలామంది చేసే పొరపాటు.

పాత పట్టుచీరను వాడుకలోకి తేవాలి అనగానే ముందుగా తట్టేది దర్జీ దుకాణం. లాంగ్ ఫ్రాకుగానో అనార్కలీగానో కుట్టించేస్తే పని తీరినట్లేనని అనిపిస్తుంది గాని, సుమారు 5.5 మీటర్ల పొడవున రెండు అంచులు, ఒక కొంగు, మధ్య నేల అనే పొందికతో నేసిన బట్టను ఒకసారి కత్తిరిస్తే ఆ పొందిక మళ్లీ రాదు. పైగా చీర ఎవరి ఒంటికైనా సరిపోతుంది, కుట్టిన గౌను మాత్రం నాలుగు కిలోల బరువు పెరిగితే బీరువాలోకి తిరిగి వెళ్లిపోతుంది. అందువల్ల అనుసరించవలసిన క్రమంలో మొదట చీర జోలికి పోకుండా దాని తోడు మార్చడం, ఆ తరువాత విప్పితే మళ్లీ చీరగా మిగిలే కుట్లు వేయడం, అవి రెండూ కుదరని చోట మాత్రమే కత్తెర పట్టడం ఉంటాయి.

దాచిపెడితే చీర భద్రంగా ఉంటుందన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. పట్టు అనేది పురుగు విడిచిన మాంసకృత్తుల పోగు. ఏళ్ల తరబడి ఒకే మడతలో నలిగితే ఆ గీత వెంట పోగులు అలసి తెగుతాయి, పక్కనే జరీ బరువు ఉంటే మరింత త్వరగా తెగుతాయి. అమ్మమ్మ చీర విప్పగానే సరిగ్గా మడతల దగ్గరే చివికిపోయి కనిపించడానికి కారణం ఇదే. కట్టడం వల్ల పాడైన పట్టుచీరలు ఎన్నో ఉన్నాయి గాని, కట్టకపోవడం వల్ల పాడైనవి అంతకు తక్కువ కావు.

తోడు మార్చడం

తోడులో అన్నిటికన్నా బలమైనది జాకెట్టు. అంచు రంగుకు సరిగ్గా జతపడిన పట్టు జాకెట్టు చీరను పెళ్లిపందిరి వైపు లాగుతుంది. అదే చీరకు తోడుగా ముతక ఖాదీ జాకెట్టో, నీలిమందు రంగు నూలు జాకెట్టో, మోచేతిదాకా చేతులున్న సాదా తెల్లచొక్కాయో వస్తే అది పగటి వెలుగుకు సరిపడే వేషం అవుతుంది. జత రంగు చీర అంచులోంచి కాక, నేలలో ఎక్కడో సన్నగా కనిపించే పోగులోంచి తీసుకుంటే మంచిది. ఉదాహరణకు చిలకాకుపచ్చ నేలకు ఎర్రటి అంచున్న నారాయణపేట చీరకు ఎర్రజాకెట్టు పండుగ వేషం కాగా, గళ్లలోని నల్లగీతను బట్టి ఎంచుకున్న నల్ల నూలు జాకెట్టు నిత్యవేషం.

రెండవది మెరుపుల లెక్క. పట్టు ఒక మెరుపు, జరీ మరొక మెరుపు, బంగారం మూడవది. మూడూ ఒకేచోట చేరితే పండుగ వచ్చినట్లే. ఒక్కటే మిగిల్చి తక్కినవాటిని మెరవని వస్తువులతో భర్తీ చేయడం, అంటే చెవులకు చిన్న వెండి దిద్దులు, చేతికి గడియారం, కాళ్లకు తోలుచెప్పులు, భుజానికి గుడ్డసంచి, ఇవి చాలు. పాట పాడేవారు ఒకరుండగా తంబూరా శ్రుతికే పరిమితమైనట్లు, ముఖ్యవస్త్రం ఉన్నచోట తక్కినవి వెనక్కి తగ్గి ఉండాలి.

కట్టులో కూడా మార్పు ఉంది. కుచ్చిళ్లు పోసినట్లు సన్నగా మడిచి భుజానికి పిన్ను పెట్టిన పైట లాంఛనంగా ఉంటుంది. ఒంటిపొరగా చేతిమీదికి జారే పైట అందంగా ఉన్నా, కంప్యూటరు ముందు, బస్సు మెట్ల మీద అది అడ్డమే. పొలంలో, వంటింట్లో, బడిలో పనిచేసిన ఆడవాళ్లంతా చేసినట్లు కొంగును వెనకనుంచి తిప్పి నడుముకు దోపడం ఇప్పటికీ అత్యుత్తమమైన పరిష్కారం. దీనికి ఆధునికమైన పేర్లు వెతకనవసరం లేదు. బరువైన కంచిపట్టు కింద సన్నటి శాటిన్ పావడా జారిపోతుంది గనుక, నాడా గట్టిగా బిగిసే నూలు పావడా ఉండాలన్నది చిన్న విషయమే గాని రోజంతా సుఖంగా ఉండటం దానిమీదే ఆధారపడుతుంది.

పురుషుల వస్త్రాలకు ఇదే సూత్రం ఇంకా తేలికగా వర్తిస్తుంది. పెళ్లిలో కట్టిన సన్నంచు పంచె మీద పట్టుచొక్కా బదులు చేతులు మడిచిన నూలు చొక్కా వేస్తే సెలవురోజు వేషం అవుతుంది. పట్టు కండువా శీతాకాలంలో మెడచుట్టూ మఫ్లరులా పనికివస్తుంది. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న తెలుగువారికి ఈ మొదటి మెట్టు మరింత అవసరమైనది. అక్కడ వీధిచివర దర్జీ దొరకడు, కుట్టుకూలి బట్ట ధరను మించుతుంది, మూడు నాలుగు నెలల చలి చీరను కోటు కిందకు నెట్టేస్తుంది. అలాంటిచోట ఇకత్ దుప్పట్టాను ముదురురంగు ఉన్నికోటు మీద రెండుపేటలుగా చుట్టుకుంటే, కోటు సాదాతనమే ఆ నేతకు చక్కటి నేపథ్యం అవుతుంది.

నేతను చదవడం

తోడు మార్చడంతో పని పూర్తికాకపోతే బట్ట మీద చేయి వేయాలి. అంతకుముందు ఆ బట్ట ఎలా నేయబడిందో తెలియాలి. మగ్గం మీద నిలువుగా సాగే పోగులను పడుగు అనీ, వాటిమధ్య అడ్డంగా నాడె తీసుకువెళ్లే పోగులను పేక అనీ అంటారు. చీరలో పడుగు దాని పొడవు వెంట, పేక వెడల్పు వెంట ఉంటాయి. మగ్గం మీద బిగువును భరించేది పడుగు కనుక సాధారణంగా ఆ దిశలో బట్ట తక్కువగా సాగుతుంది. దుస్తుల పొడవు కూడా ఆ దిశలోనే వచ్చేలా కత్తిరించడం దర్జీలందరూ పాటించే నియమం. చీరతో వచ్చే చిక్కు ఏమిటంటే, అంచు పడుగు వెంట నడుస్తుంది గనుక, పడుగును నిలువుగా పెడితే అంచు కూడా నిలువుగానే వస్తుంది. అంచు పాదాల దగ్గర అడ్డంగా కావాలంటే బట్టను అడ్డం తిప్పక తప్పదు. కుచ్చులున్న లంగాకు ఇది ఏ ఇబ్బందీ కలిగించదు. బిగుతైన కుర్తాకు, ప్యాంటుకు మాత్రం ఇబ్బందే. అందుకే చీరతో కుట్టే కుర్తాలో అంచును ముందుభాగాన గుండీల పట్టీగానో, పక్కచీలికల వెంట నిలువు గీతగానో వాడుకోవడం, కిందంచు కోసం తాపత్రయపడకపోవడం తెలివైన పని.

గద్వాల చీరలో నేల నూలు, అంచు, కొంగు పట్టు. ఈ రెండింటినీ కుట్టుతో కాక, నేలలోని పేకను అంచులోని పేకతో మగ్గం మీదే మెలివేసి కలుపుతారు. ఈ పద్ధతిని కుప్పడం అంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరకు బలమూ బలహీనతా ఆ కలయికలోనే ఉన్నాయి. నూలు తడికి కుంచించుకున్నంతగా పట్టు కుంచించుకోదు కాబట్టి, తడపకుండా కత్తిరించి కుట్టిన గద్వాల బట్ట మొదటి ఉతుకులోనే అతుకు వెంట ముడతలు పడుతుంది. కత్తిరించే ముందు చన్నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి, తిరగేసి ఇస్త్రీ చేయడం తప్పనిసరి. ఆ అతుకుగీత మీద ఎప్పుడూ కత్తెర పెట్టకూడదు.

పోచంపల్లి, పుట్టపాక నేతలు ఇకత్ పద్ధతికి చెందినవి. బట్ట నేశాక అద్దడం కాకుండా, నేయకముందే పోగులను చిటికీలు కట్టి రంగుల్లో ముంచడం వల్ల బొమ్మ పోగులోనే ఉంటుంది, అందుకే ఆకారాల అంచులు కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తాయి. ఇందులోంచి దర్జీకి ఉపయోగపడే విషయం ఒకటి ఉంది. సాదానేతలోని ఇకత్‌కు తిరగాపక్క, సరిపక్క అన్న భేదం దాదాపు ఉండదు కనుక, ఎండకు ఒకవైపు వెలిసిన చీరను తిరగేసి కుట్టిస్తే కొత్తదానిలా ఉంటుంది. పోగులను నూనె, బూడిదనీళ్లలో నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే తేలియా రుమాలు అసలు చీరే కాదు. చీరాలలో నేసి అరబ్బు దేశాలకు ఎగుమతి చేసిన చదరపు గుడ్డ. చతురస్రమైన ఆ గుడ్డను కత్తిరించనవసరం లేకుండా భుజాన వేసుకోవచ్చు, తలకు చుట్టుకోవచ్చు.

జాకార్డు మగ్గం మీద నేసిన పెద్ద బుటాల చీరల వెనకపక్క వదులుపోగులు ఒక బుటా నుంచి మరో బుటాకు సాగి ఉంటాయి. ఉంగరానికి, కాలి పట్టీకి తగులుకుని తెగేవి ఇవే. వీటికి సన్నని మల్లు లైనింగు లేకుండా ఏదీ కుట్టించకూడదు. ఉప్పాడ జాందానీలో బుటాను చేత్తో ఎక్కడికక్కడే పేని ముగిస్తారు గనుక ఈ బాధ తక్కువ. వెంకటగిరి నూలుచీర సన్నదనం దాని గొప్పతనం. ఒంటికి బిగుతుగా పట్టే కుట్టు ఏదైనా ఆ సన్నని పోగుల్ని పక్కకు లాగి నేతను చీల్చుతుంది. అలాంటి బట్ట వదులు లాల్చీకి, దుప్పట్టాకు, ఎండాకాలపు తెరకు తగినది. కలంకారీ విషయంలో మాత్రం దర్జీని కొంచెం అదుపులో పెట్టాలి. శ్రీకాళహస్తి చేతిరాతలో ఒక్కొక్క ముఖం కలంతో గీసినదే, దానిని చంకకుట్టులో సగానికి కత్తిరించిన జాకెట్లు బజారులో కనిపిస్తూనే ఉంటాయి.

మధుపర్కాలు

నిత్యధారణకు అన్నిటికన్నా సిద్ధంగా ఉన్నా ఎవరికీ గుర్తురాని వస్త్రం మధుపర్కం. తెల్లటి లేదా లేత గోధుమవన్నె నేల, ఎరుపో పసుపుపచ్చో అంచు. వధూవరులు ఒక్కపూట కట్టుకుని, ఆ తరువాత బీరువా అడుగుకు చేర్చేస్తారు. మెరుపు తక్కువ, రంగు తెలుపు, బరువు కొద్ది కావడం వల్ల ఏ ఆధునిక దుస్తులతోనైనా కలిసిపోగల గుణం దీనికి ఉంది. వరుడి పంచెను లాల్చీగా కుట్టించి అంచును గుండీల పట్టీకి, చేతుల చివర్లకు వాడవచ్చు. వధువు చీర నల్ల జాకెట్టుతో, ఇటుకరంగు జాకెట్టుతో నేరుగా కార్యాలయానికి వెళ్లగలదు. కొన్ని కుటుంబాల్లో దీనిని కత్తిరించడం ఇష్టపడరు. ఆ ఇష్టాన్ని గౌరవించి చీరగానే కట్టుకోవడంలో నష్టమేమీ లేదు.

దీనికి అంటిన పసుపుమరకలు మరొక అడ్డంకి. పసుపు క్షారానికి ఎర్రబడే స్వభావం కలది. సబ్బు తగలగానే మరక ఎర్రగా మారడం చూసి బట్ట పాడైందని కంగారుపడి బ్లీచింగు పోసేవారున్నారు. నిజానికి నీళ్లతో బాగా జాడిస్తే ఆ ఎరుపు మళ్లీ పచ్చబడుతుంది, ఆ పచ్చదనాన్ని ఎండ క్రమంగా తినేస్తుంది. తెల్లని నూలు మధుపర్కాన్ని రెండు మూడు రోజులు తడిపి ఎండలో ఆరవేస్తే మరకలో చాలా భాగం పోతుంది. పట్టు మధుపర్కానికి ఈ ఎండ చికిత్స పనికిరాదు.

విప్పదగిన కుట్లు, విప్పరాని కోతలు

ఆడపిల్లల పట్టులంగాలు కుట్టే దర్జీలకు తెలిసిన ఒక ఉపాయం ఈ మొత్తం విషయానికి తాళంచెవి లాంటిది. పిల్ల ఎదుగుతుందని తెలుసు గనుక లంగా కింద రెండు మూడు టక్కులు, అంటే లోపలికి మడిచిన పట్టీలు వేసి, ఏడాదికొకటి చొప్పున విప్పుతూ పోతారు; బట్ట ఎక్కడికీ పోదు, లోపల దాగి ఉంటుంది. చీర వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు, నడుము నుంచి చీలమండ వరకు కావలసినది 95 నుంచి 100 సెంటీమీటర్లు. మిగిలిన బట్టను నేలలో లోపలికి టక్కుగా మడిచి, పైన నడుముపట్టీ వేరే బట్టతో వేసి, మొత్తం పొడవును కుచ్చులుగా పోస్తే, ఒక్క కత్తెరపోటు లేకుండా నిండైన లంగా తయారవుతుంది. బరువైన చీరకు కుచ్చులు మరీ దట్టమై నడుము ఉబ్బుతుంది కనుక ఇది నూలు, సీకో చీరలకే బాగుంటుంది. సీకో అంటే నూలూ పట్టూ కలిపి నేసినది. కావాలనుకున్ననాడు కుట్లు విప్పి మళ్లీ చీరగా కట్టుకోవచ్చు. దీనిమీదకు సాదా నూలు చొక్కా వేస్తే, అదే ముఖ్యవస్త్రం, అదే సాదా తోడు.

కత్తెర పట్టదగిన చీర ఏదో తెలుసుకోవడానికి దానిని కిటికీ వెలుగులో పరచి చూడాలి. పైటకు పిన్ను పెట్టే చోట, మడమలకు తగిలే కుచ్చిళ్ల కింద, మడతల గీతల్లో బట్ట పలచబడి ఉంటుంది. నడుముకు మొదట చుట్టుకునే లోపలి చుట్టు మాత్రం సాధారణంగా గట్టిగా మిగులుతుంది. రెండు బొటనవేళ్ల మధ్య బట్టను పడుగు దిశలో ఒకసారి, పేక దిశలో ఒకసారి మెల్లగా లాగినప్పుడు చిటచిటమన్న శబ్దం వస్తే ఆ భాగం ఏ దుస్తులకూ ఆగదు. మూడుచోట్లకు మించి చిరుగులున్న చీరను కత్తిరించడంలో దోషం లేదు. నిక్షేపంలాంటి చీరను, మరీ ముఖ్యంగా కొత్తచీరను కుర్తాకోసం కోయడం మాత్రం అవివేకం, ఎందుకంటే మంగళగిరి, పోచంపల్లి నేతగాళ్లు అదే నేతను తానుగా మీటర్ల లెక్కన అమ్ముతూనే ఉన్నారు.

లెక్క ఇలా వేసుకోవచ్చు: మోకాలి కిందికి వచ్చే కుర్తాకు సుమారు 2.5 మీటర్లు, కొంగుతో సహా దుప్పట్టాకు 2.25 మీటర్లు తీస్తే, మిగిలే ముప్పావు మీటరులో చిరుగులన్నీ పడేలా చూసుకోవాలి. దర్జీకి ఇచ్చేముందు కొంగు ఎక్కడికి రావాలో, ఏ బుటా ఛాతీ మధ్యలో పడకూడదో సుద్దతో గీసి చూపడం, కుట్టు మార్జిను రెండంగుళాలు వదలమని గట్టిగా చెప్పడం అవసరం. పాత పట్టుకు అతుకు బలం ఉండదు గనుక లోపల నూలు లైనింగే బిగువును మోయాలి; అంటే లైనింగు ఒంటికి సరిపడా, పైబట్ట దానికన్నా కొంచెం వదులుగా ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనే పాతచీరల జాకెట్లలో ఎక్కువ భాగం వీపు దగ్గర చిట్లుతాయి.

తరచుగా కట్టే పట్టును తరచుగా ఉతకాలన్న నియమం లేదు. విప్పగానే గంటసేపు గాలికి ఆరవేసి, చెమట తగిలిన చోట తడిగుడ్డతో అద్ది, ఆరాక మడతగీత మార్చి పెడితే చాలు. ఉతకవలసి వస్తే గాఢమైన సబ్బుల క్షారం పట్టును కొరుకుతుంది కాబట్టి పాతకాలపు కుంకుడురసమే మేలు. అత్తరు చల్లుకోవడం చీర కట్టకముందే పూర్తి కావాలి. జరీలోని వెండి త్వరగా నల్లబడుతుంది గనుక కలరా ఉండలు దానికి తగలకూడదు, ప్లాస్టిక్ సంచికి బదులు పాత నూలుపంచె ముక్కలో చుట్టిపెట్టాలి.

చివరికి మిగిలే పీలికల సంగతి. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వ్యాపారి, పాతజరీ కొంటామంటూ వీధిలో కేకవేసే వ్యాపారి ఈ దశలోనే వస్తారు. రెండవవాడు చీరను కాల్చి జరీలోని వెండిని తీసుకుంటాడు. అతడు కట్టే ధర లోహానిదే తప్ప నేతది కాదు, పైగా జరీ నకిలీదైతే ఆ ధరా రాదు. నూలుచీరల ముక్కలను పొరలుగా పేర్చి చేతికుట్టుతో బొంత కుట్టడం తెలుగు పల్లెల్లో ముసలమ్మలకు వెన్నతో పెట్టిన విద్య. నాలుగు పొరల మంగళగిరి బొంత ఏసీ గదిలో ఉన్నిదుప్పటి కన్నా హాయిగా ఉంటుంది. పట్టు పొరలు బొంతలో జారతాయి, అవి దిండుగలీబులకు, చేతిసంచులకు నయం. అంచును మాత్రం ముక్కలు చేయకుండా, ఉన్నంత పొడవునా విడదీసి, అట్టగొట్టానికి వదులుగా చుట్టి పెట్టుకోవాలి; ఐదున్నర మీటర్ల ఆ పట్టీ పలు సాదా నూలుచీరలకు జాకెట్టు చేతుల అంచుగా వస్తుంది.